ప్రశ్నించే శ్రోత: దిగువ కృష్ణా డెల్టాలో సాహసకథల పాత్రలు, వాటి అభిమానులు

సాహసకథల చరిత్రను సాధారణంగా వాటిని రాసినవారి వైపు నుంచి, ఆడినవారి వైపు నుంచి చెబుతారు. అయితే విన్నవారికి, చూసినవారికి కూడా ఆ చరిత్రలో భాగం ఉంది. నాయకుడు గెలిచాడని సంతోషించి ఊరుకోకుండా, ఆ గెలుపు న్యాయంగా దక్కిందా, ఓడినవాడి పక్షాన చెప్పదగిన మాట ఏదైనా మిగిలిందా అని తర్కించే శ్రోత దొరికినచోట కథ పెరుగుతుంది, పాత్రలు చిక్కనవుతాయి. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల మధ్య పరచుకున్న దిగువ కృష్ణా డెల్టా అటువంటి శ్రోతను కొన్ని తరాలపాటు తీర్చిదిద్దిన ప్రాంతం. ఇక్కడి ప్రేక్షకుల సంభాషణలు గ్రంథస్థం కాలేదు కాని, వారికి ఎంత చోటు ఇచ్చాయో ఇక్కడ పెరిగిన కళారూపాలే తెలియజేస్తాయి.

ఈ ప్రాంతపు భక్తిలో సైతం పాత్ర మీద ఆలోచన కనిపిస్తుంది. మచిలీపట్నంలో భాగమైన చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగల తయారీతోపాటు, భక్త నరసింహం కృషితో 1929లో వెలసిన పాండురంగస్వామి ఆలయం వల్ల ప్రసిద్ధికెక్కింది. కార్తిక పౌర్ణమినాడు మంగినపూడిలో సముద్రస్నానం చేసి ఆ స్వామిని దర్శించుకునే యాత్రికులకు తెలిసిన మూలకథ, తల్లిదండ్రుల సేవలో మునిగి, వచ్చిన దేవుణ్ణే ఇటుక మీద నిలబడి వేచి ఉండమన్న పుండరీకుడిది. దేవుణ్ణి నిలబెట్టిన మనిషిది తప్పా, ఒప్పా అన్న ధర్మసందేహం కథలోనే ఉంది కనుక, ఆ కథ విన్నవారు పాత్రను తూచకుండా దాటిపోవడం కష్టం. 1957లో వచ్చిన ‘పాండురంగ మహాత్మ్యం’ చిత్రంలో ఆ పుండరీకుడి పాత్రను ధరించిన నందమూరి తారక రామారావు గుడివాడ ప్రాంతంలోని నిమ్మకూరులో పుట్టినవాడే.

యక్షగానం నేర్పిన అలవాటు

బందరు అని కూడా పిలిచే మచిలీపట్నం నుంచి విజయవాడకు వెళ్ళే దారికి చేరువలో, మొవ్వ దగ్గర ఉన్న కూచిపూడి గ్రామం ఒక నృత్యరీతికి పేరు ఇచ్చింది. అంతకుముందు అది యక్షగానానికి, అంటే పాట, మాట, ఆట కలిసి నడిచే నాటకానికి నిలయం. ఈ నాటకంలో ప్రతి ప్రధాన పాత్రకూ ఒక ప్రవేశ దరువు ఉంటుంది. తెర వెనుక నుంచి రంగం మీదికి వస్తూ పాత్ర తానెవరో, తన గొప్ప ఏమిటో తానే చెప్పుకొనే తాళబద్ధమైన పాటను ప్రవేశ దరువు అంటారు. ‘ప్రహ్లాద’ నాటకంలో హిరణ్యకశిపుడికీ, ‘ఉషా పరిణయం’లో బాణాసురుడికీ ఈ అవకాశం దక్కింది కనుక, దుష్టుడు కూడా తన మాట తాను చెప్పుకున్న తరువాతే ప్రేక్షకుడి తీర్పుకు నిలబడతాడు.

సిద్ధేంద్రయోగి రచనగా ప్రసిద్ధమైన ‘భామాకలాపం’లో ఈ పద్ధతి మరింత నిశితంగా కనిపిస్తుంది. సత్యభామ తన పొడవాటి జడను తెర మీదుగా వేసి సభకు సవాలు విసురుతుంది. కథను నడిపే సూత్రధారుడే మాధవి అనే చెలికత్తెగా మారి ఆమెను అడుగడుగునా ప్రశ్నిస్తాడు. భర్త పేరు చెప్పమని, కలహానికి కారణం ఏమిటని, తప్పు ఎవరిదని మాధవి అడిగే ప్రశ్నలు సభలో కూర్చున్నవారి మనసులో మెదిలే ప్రశ్నలే. శ్రోత తరఫున పాత్రను నిలదీసే మనిషిని నాటకం తనలోనే పెట్టుకోవడం వల్ల, రాత్రంతా ఆట చూసి మరునాడు చేలగట్ల మీద, రచ్చబండ దగ్గర దాని గురించి మాట్లాడుకునేవారికి చర్చించే తీరు కూడా ఆ ఆటనుంచే దొరికింది.

ఇంత కళాపోషణకు ఆర్థిక కారణం లేకపోలేదు. 1855లో విజయవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయి, కాలువల నీరు దిగువ భూములకు అందడంతో, వరి పండించే గ్రామాల్లో మిగులు ఏర్పడింది. నూర్పిళ్ళు ముగిసిన తరువాత వచ్చే తీరిక నెలల్లో యక్షగానాలు ఆడే భాగవతులకు, నాటక సమాజాలకు పిలుపులు పెరిగాయి. తరువాతి కాలంలో తెలుగు సినిమా నిర్మాణానికి పెట్టుబడిగా మారినదాంట్లో ఈ డెల్టా వ్యవసాయపు మిగులు ఒక ముఖ్యభాగమని చరిత్రకారులు గుర్తించారు.

బందరు రంగస్థలం

పందొమ్మిదో శతాబ్దం చివరికి పద్యనాటకం ఈ ప్రాంతాన్ని ఆవరించింది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఊరూరా ఆడిన నాటకాలు కాగా, ఆ జంటలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి బందరు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేసి, విశ్వనాథ సత్యనారాయణ వంటి శిష్యులను తయారు చేశాడు. రాయబార ఘట్టంలో కృష్ణుడు పద్యం చదివితే దుర్యోధనుడు పద్యంతోనే బదులు చెప్పాలి. ఆ బదులు పేలవంగా ఉంటే నాటకం నిలవదు. మెచ్చిన పద్యాన్ని ‘వన్స్‌మోర్’ అని మళ్ళీ చదివించుకునే ఆచారంలో రాగం మీది మోజుతోపాటు వాదన మీది అభిరుచి కూడా ఉంది. దుర్యోధనుడి పద్యానికి వన్స్‌మోర్ కొట్టిన ప్రేక్షకుడు అతని అధర్మాన్ని సమర్థించినట్లు కాదు. అతని వాదాన్ని పూర్తిగా వినదలచినట్లు మాత్రమే.

జాతీయోద్యమ కాలంలో బందరు పత్రికలకు, విద్యాసంస్థలకు కేంద్రమైంది. 1902లో మొదలై ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో ఖ్యాతి గడించిన ‘కృష్ణాపత్రిక’, 1910లో కోపల్లె హనుమంతరావు ముఖ్యకృషితో ఏర్పడిన ఆంధ్ర జాతీయ కళాశాల ఆ వాతావరణానికి రెండు స్తంభాలు. 1901లో శ్రీకాకుళం ప్రాంతంలోని రాజాంలో పుట్టినా బందరులోనే పెరిగిన పింగళి నాగేంద్రరావు ఈ జాతీయ కళాశాలలో చదివి, ఆపైన డి.వి. సుబ్బారావు నడిపిన ఇండియన్ డ్రమటిక్ కంపెనీకి నాటకాలు రాశాడు. ‘జేబున్నీసా’, ‘వింధ్యరాణి’ వంటి నాటకాలతో రంగస్థలం మీద చేయి తిరిగిన తరువాతే అతడు మద్రాసు చేరి సినిమా రచయితగా స్థిరపడ్డాడు. తెలుగు సినిమాకు పితామహుడుగా పేరుపొందిన రఘుపతి వెంకయ్య కూడా 1869లో మచిలీపట్నంలో పుట్టినవాడే. చలనచిత్ర ప్రదర్శనకు దారివేసినవాడికీ, సాహసచిత్రానికి మాట నేర్పినవాడికీ ఒకే ఊరితో అనుబంధం ఉండడం గమనించదగిన విషయం.

తోట రాముడు, నేపాళ మాంత్రికుడు

తెలుగులో సాహసకథకు సినిమా పెట్టుకున్న పేరు జానపద చిత్రం. రాజకుమార్తె, మాంత్రికుడు, గుహలు, శాపాలు, కత్తియుద్ధాలు ఉండే కల్పిత కథను ఈ మాట సూచిస్తుంది. నూజివీడు ప్రాంతపు జమీందారీకి చెందిన మీర్జాపురం రాజా 1949లో నిర్మించిన ‘కీలుగుర్రం’లో గుడివాడ ప్రాంతవాసి అక్కినేని నాగేశ్వరరావు నాయకుడు కాగా, అంజలీదేవి రాక్షసి పాత్ర ధరించింది. రెండేళ్ళ తరువాత 1951 మార్చి 15న విడుదలైన విజయా వారి ‘పాతాళ భైరవి’తో ఈ రకానికి ప్రమాణం ఏర్పడింది.

కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన ఆ చిత్రానికి రచయిత పింగళి, సంగీత దర్శకుడు గుడివాడకు సమీపంలోని చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు, నాయకుడు నిమ్మకూరు రామారావు, ప్రతినాయకుడు నూజివీడులో పుట్టిన ఎస్.వి. రంగారావు. కథకు ప్రేరణ మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’. ఆ కథల చట్రంలో మణిసిద్ధుడనే యతి వెంట కాశీకి నడిచే పశువుల కాపరి కుర్రవాడు ప్రతి మజిలీలోనూ, అంటే బాటసారులు ఆగి విశ్రమించే ప్రతి చోటా, ఒక వింతను చూసి దాని వెనుక సంగతి చెప్పమని అడుగుతాడు. అతడు అడిగితేనే యతి కథ మొదలవుతుంది. కూచిపూడిలో మాధవి చేసిన పనిని ఇక్కడ గోపబాలుడు చేశాడు.

‘పాతాళ భైరవి’లోని పాత్రల మీద తరతరాల అభిమానులకు ఆసక్తి తగ్గకపోవడానికి కారణం ఆ పాత్రల నిర్మాణంలో ఉంది. తోట రాముడు రాజకుమారుడు కాడు, తోటమాలి ఇంటి బిడ్డ. ఉజ్జయిని రాజకుమార్తెను ప్రేమించినందుకు శిక్షపడవలసిన అతనికి, తమకు సాటివచ్చే ఐశ్వర్యం తెస్తే పిల్లనిస్తామని రాజు షరతు పెడతాడు. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్ళయినా కాకముందే, జమీందారీల రద్దు చట్టం వచ్చిన కాలంలో, రైతుబిడ్డలతో నిండిన నేల టిక్కెట్టు ప్రేక్షకులు ఈ షరతును ఎట్లా అర్థం చేసుకొని ఉంటారో ఊహించడం కష్టం కాదు. మనిషి విలువ పుట్టుకలోనా, సంపదలోనా, తెగువలోనా ఉన్నదన్న చర్చ కథ మధ్యలోనే ఉంది.

అంతకంటె లోతైన చిక్కు ప్రతిమ విషయంలో కనిపిస్తుంది. సాహసవంతుడైన యువకుణ్ణి బలి ఇచ్చి, కోరినదల్లా ఇచ్చే భైరవి ప్రతిమను పొందాలని మాంత్రికుడు పన్నాగం పన్నితే, సంగతి తెలుసుకున్న రాముడు మాంత్రికుణ్ణే బలి ఇచ్చి ఆ ప్రతిమను దక్కించుకుంటాడు. న్యాయం జరిగినట్లే ఉన్నా, రాముడు కట్టిన మాయామేడ కూడా ఆ బలి ఫలమే. శిష్యుడు సదాజపుడు తిరిగి బతికించిన మాంత్రికుడు ప్రతిమతోపాటు రాకుమారినీ అపహరించగానే ఆ మేడ నిలువదు. చివరికి రాముడు మిత్రుడు అంజి తోడ్పాటుతో, బుద్ధిబలంతో తిరిగి గెలుస్తాడు. సులభంగా వచ్చిన శక్తి ఎంత మంచివాడి చేతిలోనైనా నిలకడగా ఉండదని, తన శ్రమతో గెలిచినదే తనదవుతుందని ప్రేక్షకుడు తానుగా గ్రహించేటట్లు పింగళి కథను అల్లాడు.

మాంత్రికుడి పాత్రను రంగారావు మలచిన తీరు మరొక మలుపు. నెమ్మదైన నడక, సాగదీసిన ఉచ్చారణ, తన లక్ష్యం మీద చెదరని ఏకాగ్రత కలిసి ఆ పాత్రకు ఒక గాంభీర్యాన్ని ఇచ్చాయి. అతని నోట వినిపించే ‘డింభక’ వంటి మాటలు జనం నోళ్ళలో నానాయి. అతని పద్ధతి హేయమైనదని తెలిసినా, అతని పట్టుదలను మెచ్చుకోకుండా ఉండలేకపోయిన ప్రేక్షకుడు పద్యనాటకంలో దుర్యోధనుడికి వన్స్‌మోర్ కొట్టినవాడి వారసుడే. 1952లో జరిగిన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ‘పాతాళ భైరవి’ ప్రదర్శితమైనప్పుడు, బందరు రంగస్థలపు మెలకువలు దేశమంతటి దృష్టికీ వచ్చాయి.

ప్రతినాయకుడి మీది ఈ ఆదరణ తరువాతి తరంలో గుడ్లవల్లేరు సమీపంలోని కౌతవరంలో పుట్టిన కైకాల సత్యనారాయణకు దక్కింది. బి. విఠలాచార్య జానపద చిత్రాలతో ప్రతినాయకుడిగా స్థిరపడిన అతడు, ‘యమగోల’లో, ‘యమలీల’లో యముడిగా ఇంటింటికీ పరిచయమయ్యాడు. తెర మీద నాయకులను చెరబట్టిన ఈ నటుణ్ణే 1996లో మచిలీపట్నం ఓటర్లు లోక్‌సభకు పంపారు. పాత్ర చేసిన పనికీ, నటుడి వ్యక్తిత్వానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో తెలిసిన ప్రేక్షకుడికే ఇది సాధ్యం.

చందమామ, అద్దె పుస్తకాలు

సినిమాతోపాటు అచ్చు కూడా సాహసకథను ఇంటికి చేర్చింది. 1947 జూలైలో మొదలైన ‘చందమామ’లో బేతాళ కథలు ప్రత్యేకంగా చెప్పుకోదగినవి. శవంలోని బేతాళుడు కథ చెప్పి, చివర ఒక ధర్మసంకటాన్ని విక్రమార్కుడి ముందు పెడతాడు. సమాధానం తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని హెచ్చరిస్తాడు. విక్రమార్కుడి జవాబు చదవడానికి ముందు తన జవాబు తాను అనుకోవడం పిల్లలకు సహజంగా అబ్బింది. కథలో ఎవరు ఎక్కువ త్యాగం చేశారు, రాజు తీర్పు సరైనదేనా వంటి ప్రశ్నలు నెలనెలా ఎదురవడంతో పాత్రలను తూచడం ఆటగా మారింది.

అదే పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ధారావాహికలు, అంటే నెలకొక భాగంగా సాగే పెద్దకథలు, ‘తోకచుక్క’తో మొదలై ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’ మీదుగా రెండు దశాబ్దాలకు పైగా నడిచాయి. వాటి మీద రచయిత పేరు ఉండేది కాదు. అందువల్ల పాఠకులు రచయితను కాక ఖడ్గవర్మను, జీవదత్తుణ్ణి, శిఖిముఖిని గుర్తుపెట్టుకున్నారు. పెద్దయిన తరువాత ఆ కథల కర్త ఎవరో వెతికి తెలుసుకొని, వాటిని పుస్తకాలుగా తెప్పించుకున్న అభిమానుల పట్టుదలకు మూలం ఆ పాత్రలతో పెనవేసుకున్న బాల్యమే.

మరొక వైపు కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, తరువాత మధుబాబు సృష్టించిన షాడో అద్దె పుస్తకాల దుకాణాల ద్వారా పట్టణాలన్నిటికీ చేరారు. రోజుకింత అని అద్దె కట్టి తెచ్చిన నవలను ఇంటిల్లిపాదీ చదివేవారు. బ్రిటన్‌లో 1893లో ఆర్థర్ కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్‌ను చంపివేస్తే పాఠకులు సహించలేదని, పదేళ్ళకు ఆ పాత్రను తిరిగి బతికించక తప్పలేదని సాహిత్య చరిత్ర చెబుతుంది. పాత్ర రచయిత సొత్తు మాత్రమే కాదన్న ఆ భావం యుగంధర్‌నూ షాడోనూ ఇంటి మనుషులుగా ఎంచిన తెలుగు పాఠకులకూ కొత్తది కాదు.

1977

దిగువ డెల్టా చరిత్రలో 1977 మరువరాని సంవత్సరం. జనవరి 14న విడుదలైన ‘దానవీరశూర కర్ణ’లో రామారావు కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు అనే మూడు పాత్రలనూ తానే ధరించి, దర్శకత్వమూ తానే వహించాడు. కొండవీటి వెంకటకవి మాటలు సమకూర్చిన ఆ చిత్రంలో కులం పేరిట కర్ణుణ్ణి అవమానించిన సభను దుర్యోధనుడు నిలదీసే ఘట్టం ఎందరికో కంఠస్థమైంది. ప్రవేశ దరువులో, రాయబార పద్యాల్లో ప్రతిపక్షానికి దొరికిన వాదహక్కు ఈ చిత్రంలో పతాకస్థాయికి చేరింది.

అదే ఏడాది నవంబర్ 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచి 10,000కు పైగా ప్రాణాలను బలిగొంది. 1864 నవంబర్ 1న మచిలీపట్నంలో సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకున్న ఉప్పెన తరువాత ఈ తీరం చూసిన ఘోరాల్లో ఇది పెద్దది. బాధితుల సహాయం కోసం రామారావు, నాగేశ్వరరావు మొదలైన నటులు ఊరూరా జోలె పట్టారు. తెర మీద వీరులుగా చూసినవారిని చేయి చాచినవారిగా చూడడం అభిమానానికి కొత్త అర్థాన్ని ఇచ్చింది. కష్టకాలంలో ఎవరు పక్కన నిలబడ్డారన్న కొలత పాత్రనుంచి వ్యక్తికి మారింది. 1983 ఎన్నికల్లో గుడివాడ ఓటర్లు రామారావును గెలిపించడానికి రాజకీయ కారణాలు అనేకం ఉన్నా, ఈ కొలతనూ లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది. అభిమానాన్ని గుడ్డిభక్తిగా కొట్టిపారేయడం సరికాదు. తమ నాయకుడు ఎట్లా ఉండాలో అభిమానులే నిర్దేశిస్తారని, నిరాశపరిస్తే ధిక్కరిస్తారని తెలుగు అభిమాన సంఘాల మీద ఎస్.వి. శ్రీనివాస్ చేసిన పరిశోధన చూపింది.

చెడిపోయిన భవిష్యత్తు

భవిష్యత్తు అంతా చెడిపోయి, మనుషులు ఒక క్రూరమైన వ్యవస్థలో బందీలై బతికే లోకాన్ని చిత్రించే కథలను డిస్టోపియా కథలంటారు. రెండు ప్రపంచయుద్ధాలు చూసిన ఐరోపాలో ఈ రకం త్వరగా ఎదిగింది. ఇంగ్లండులో జార్జ్ ఆర్వెల్ ‘1984’ నవల వెలువడినది 1949లో, అంటే తెలుగు ప్రేక్షకులు ‘కీలుగుర్రం’ చూస్తున్న ఏడాదే. అప్పుడే స్వతంత్రమైన దేశానికి, దుష్టుణ్ణి ఒకణ్ణి తొలగిస్తే రాజ్యం బాగుపడుతుందన్న నమ్మకం అవసరమైంది. భవిష్యత్తును శంకించే కథకు ఇంకా సమయం రాలేదు.

ఆ సమయం 1991లో ‘ఆదిత్య 369’తో వచ్చింది. ‘మాయాబజార్’కు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు ఈ చిత్రానికి దర్శకుడు. హెచ్.జి. వెల్స్ 1895 నాటి ‘టైమ్ మెషిన్’ ఊహను తీసుకొని, నాయకుణ్ణి శ్రీకృష్ణదేవరాయల కాలానికీ, ఆపైన 2504వ సంవత్సరానికీ పంపాడు. ప్రపంచయుద్ధం మిగిల్చిన అణుధూళి వల్ల మనుషులు భూమికింద బతుకుతున్న ఆ లోకంలో ఓడించవలసిన మాంత్రికుడు లేడు. తప్పు గతించిన తరాలందరిదీ. గతంలో సాహసం చూపిన నాయకుడు భవిష్యత్తులో సాక్షిగా మాత్రమే నిలబడగలగడం తెలుగు ప్రేక్షకుడికి కొత్త అనుభవం.

2024 జూన్ 27న విడుదలైన నాగ్ అశ్విన్ చిత్రం ‘కల్కి 2898 ఏడీ’కి సింగీతం మార్గదర్శకుడిగా వ్యవహరించడంతో ఈ పరంపర తెగకుండా సాగింది. అందులో మిగిలిన నగరం కాశీ. మణిసిద్ధుడి మజిలీలన్నీ ఏ పుణ్యక్షేత్రం వైపు సాగాయో అదే ఇక్కడ నీరు, పచ్చదనం లేని చివరి ఊరుగా మారింది. దాని పైన ‘కాంప్లెక్స్’ అనే సంపన్నుల కోట వేలాడుతుంది. నాయకుడు భైరవ ఆ కోటలో చోటు కోసం ఎవరినైనా పట్టి ఇవ్వడానికి సిద్ధపడిన స్వార్థపరుడు. అతనిలో కర్ణుడి అంశ ఉందని చిత్రం చివర సూచించగానే, కర్ణుడు గొప్పవాడా, అర్జునుడా అన్న వాదం తెలుగునాట మళ్ళీ భగ్గుమంది. మూలభారతం ఏమి చెప్పింది, నాటకాలూ సినిమాలూ ఏమి చేర్చాయి, కవచకుండలాల దానం ఎంత గొప్పది, ద్రౌపది సభలో కర్ణుడి మాటలు క్షమించదగినవేనా అని యువకులు గ్రంథాలు తిరగవేసి మరీ వాదించుకున్నారు. ఆ వాదానికి పునాదులు రాయబార పద్యాల్లో, 1977 నాటి చిత్రంలో చాలా ముందే పడ్డాయి.

సాహసకథకూ డిస్టోపియాకూ మధ్య అభిమాని ఆలోచనలో వచ్చే తేడా ఇక్కడ తేటతెల్లమవుతుంది. సాహసకథలో దుష్టుడికి ఒక ముఖం ఉంటుంది, అతడితో వాదించవచ్చు, గెలవవచ్చు. డిస్టోపియాలో చెడు వ్యవస్థగా విస్తరించి ఉంటుంది కనుక, దానిలో బతకడానికి నాయకుడు ఎంతవరకు రాజీ పడవచ్చన్నదే ప్రధాన చర్చ అవుతుంది. ఆ వ్యవస్థ మొదట తుడిచిపెట్టేది ప్రశ్నించే అలవాటునే. మాధవినీ, గోపబాలుణ్ణీ, బేతాళుణ్ణీ పెంచుకున్న సంస్కృతికి అటువంటి కథలు గట్టిగా తగలడానికి ఇదే కారణం.

కళాకారుల జీవితచరిత్రలు, చిత్రాల చరిత్రలు తెలుగులో చాలానే వచ్చాయి. ఆ కళను నిలబెట్టిన శ్రోతల ఆలోచనకు దక్కిన నమోదు అంతకంటె తక్కువ. 2008లో మచిలీపట్నంలో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం వంటి సంస్థలు డేరా సినిమాల కాలం నుంచి జీవించి ఉన్న ప్రేక్షకుల మాటలను సేకరించి భద్రపరిస్తే, మన కథలు ఎందుకు ఇట్లా పెరిగాయో ఆధారాలతో చెప్పవచ్చు. నేటి యువ అభిమానులు కర్ణుడి గురించీ భైరవ గురించీ చేస్తున్న వాదనలను కాలక్షేపంగా కాక, తీర్పు చెప్పడం నేర్చుకునే సాధనగా చూడడం పెద్దల బాధ్యత. పాత్రను నిలదీయడం అలవాటైన పౌరుడు పాలకుణ్ణీ నిలదీయగలడు. డెల్టా ప్రేక్షకుడి చరిత్ర నుంచి తీసుకోదగిన పాఠం ఇదే.